సుయీ గ్యాస్ పైపుల నుంచి జెనీవా దాకా.. బలూచ్ రిపబ్లికన్ ఆర్మీ ఎలా ఎదిగింది? ఎందుకు చల్లబడింది?

బలూచిస్థాన్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చే పేరు బీఎల్ఏ. 2025 మార్చి 11న బోలన్ కనుమలో జాఫర్ ఎక్స్‌ప్రెస్‌ను హైజాక్ చేసిన ఆ గ్రూప్ వీడియోలు మన ఫోన్లలో కూడా తెగ తిరిగాయి. అయితే ఓ పదేళ్లు వెనక్కి వెళ్తే, పాకిస్థాన్ పేపర్లలో దాదాపు అంతే తరచుగా కనిపించిన పేరు ఇంకోటి ఉంది. అదే బీఆర్ఏ.. బలూచ్ రిపబ్లికన్ ఆర్మీ. రాత్రికి రాత్రి గ్యాస్ పైప్‌లైన్ పేలితే, తెల్లారేసరికి ఆ పని తమదేనంటూ మీడియా ఆఫీసులకు ఫోన్ చేసిన గ్రూప్ ఇది. ఇప్పుడు ఆ పేరు పెద్దగా వినిపించడం లేదు. ఆ గ్రూప్ ఏమైంది? ఎవరు పుట్టించారు? ఎవరు వదిలేశారు? చూద్దాం.

ముందు ఊరు, తర్వాత గొడవ

పాకిస్థాన్ విస్తీర్ణంలో దాదాపు 44 శాతం బలూచిస్థానే. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికంటే చిన్నవే. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం కోటిన్నర లోపే. పెద్ద నేల, తక్కువ జనం, భూమి కింద బోలెడంత ఖనిజ సంపద. గొడవంతా అక్కడే ఉంది.

ఈ ప్రావిన్స్‌కు తూర్పు అంచున డేరా బుగ్టీ అనే జిల్లా ఉంటుంది. బుగ్టీ తెగ సొంత గడ్డ. అందులో సుయీ అనే చోట 1952లో సహజవాయువు బయటపడింది. 1955 నాటికి ఆ గ్యాస్ పైపుల్లో కరాచీకి చేరింది. తర్వాత పంజాబ్ ఫ్యాక్టరీలకు, ఇళ్లకు కూడా వెళ్లింది. పాకిస్థాన్‌లో పైపు గ్యాస్‌ను జనం ఈ రోజుకీ 'సుయీ గ్యాస్' అనే పిలుస్తారంటే దాని స్థాయి అర్థం చేసుకోవచ్చు. మరి బలూచిస్థాన్ రాజధాని క్వెట్టాకు అదే గ్యాస్ ఎప్పుడు చేరింది? 1980ల్లో! బావుల చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లకు ఆ తర్వాత కూడా కట్టెల పొయ్యే గతి అయింది. 'మా నేల గ్యాస్, మాకే లేదు' అన్న మాట బలూచ్ నాయకుల ప్రతి ప్రసంగంలో వినిపించడానికి కారణం ఇదే.

బలూచ్ తిరుగుబాట్లు కొత్తేం కాదు. 1948లో కలాత్ సంస్థానాన్ని పాకిస్థాన్‌లో కలుపుకున్నప్పుడు మొదటిది వచ్చింది. తర్వాత 1958లో, 1960ల్లో, 1973 నుంచి 77 దాకా ఇంకో మూడు. 2000ల మొదట్లో రాజుకున్నది ఐదోది. బీఆర్ఏ ఈ ఐదో విడత బిడ్డ.

గవర్నర్ చేసిన పెద్దాయన కొండెక్కాడు

ఈ కథలో అసలు మనిషి నవాబ్ అక్బర్ బుగ్టీ. బుగ్టీ తెగకు సర్దార్, అంటే పెద్ద. చాలామంది అనుకుంటున్నట్టు ఆయన పుట్టు తిరుగుబాటుదారు కాదు. కేంద్రంలో సహాయ మంత్రిగా చేశాడు. 1989-90లో బలూచిస్థాన్ ముఖ్యమంత్రిగా ఉన్నాడు. ఇంకో విషయం ఉంది. 1973లో జుల్ఫికర్ అలీ భుట్టో బలూచ్ జాతీయవాదుల ప్రభుత్వాన్ని కూల్చేసి సైన్యాన్ని దింపినప్పుడు, గవర్నర్ కుర్చీలో కూర్చున్నది ఈ బుగ్టీనే. అందుకే ఆ తరం బలూచ్ నాయకుల్లో చాలామంది ఆయన్ను నమ్మలేదు. అలాంటి మనిషి ఎనభైకి దగ్గర పడ్డాక తుపాకీ పట్టుకుని ఎందుకు కొండెక్కాడు?

2005 జనవరిలో సుయీ గ్యాస్ ప్లాంట్ ఆసుపత్రిలో పనిచేసే ఓ లేడీ డాక్టర్‌పై అత్యాచారం జరిగింది. ఆరోపణ ఓ ఆర్మీ కెప్టెన్ మీద. తన ఇలాకాలో ఓ ఆడమనిషికి జరిగిన అవమానాన్ని బుగ్టీ తెగ పరువు సమస్యగా తీసుకున్నాడు. తెగ మనుషులు గ్యాస్ ప్లాంట్ మీద దాడులకు దిగారు. గ్యాస్ సరఫరా దెబ్బతింది. అప్పటి అధ్యక్షుడు జనరల్ పర్వేజ్ ముషారఫ్, విచారణ పూర్తి కాకముందే ఆ అధికారి తప్పు చేయలేదని టీవీలో చెప్పేశాడు. ఇది 1970ల కాలం కాదు, దెబ్బ ఎక్కడి నుంచి తగిలిందో కూడా తెలియదు అని బలూచ్ నాయకులను హెచ్చరించాడు కూడా. నిప్పు మీద పెట్రోల్ పోసినట్టైంది.

అదే ఏడాది మార్చి 17న డేరా బుగ్టీ పట్టణంలో సైన్యానికి, బుగ్టీ మనుషులకు మధ్య భారీగా కాల్పులు జరిగాయి. షెల్స్ నవాబు కోట చుట్టుపక్కల ఇళ్ల మీద పడ్డాయి. డజన్ల మంది చనిపోయారు. అందులో కోటను ఆనుకుని తరతరాలుగా బతుకుతున్న హిందూ కుటుంబాల వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. డిసెంబర్ 14న ముషారఫ్ కోహ్లూ పర్యటనలో ఉండగా రాకెట్లు పడ్డాయి. అంతే, పూర్తిస్థాయి ఆపరేషన్ మొదలైపోయింది. బుగ్టీ పట్టణం వదిలి కొండల్లోకి వెళ్లిపోయాడు. వెంట ఉన్నవాళ్లలో ఇరవైల్లో ఉన్న మనవడు బ్రహుమ్‌దాగ్ ఒకడు.

2006 ఆగస్టు 26. కోహ్లూ జిల్లా తరతానీ ప్రాంతంలో ఓ గుహ కుప్పకూలింది. లోపల అక్బర్ బుగ్టీ. సైన్యం బాంబులేసి చంపిందని బలూచ్ వర్గాలు అంటాయి. మాట్లాడటానికి అధికారులు లోపలికి వెళ్తుండగా పేలుడు జరిగిందని సైన్యం అంటుంది. సెప్టెంబర్ 1న డేరా బుగ్టీలో ఖననం జరిగింది. శవపేటికకు తాళాలు వేసి ఉన్నాయి. కొడుకులు అక్కడ లేరు. పెద్దాయనను క్వెట్టాలో పెద్ద జనం మధ్య సాగనంపాలని కుటుంబం అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ తాళాలే పాకిస్థాన్‌కు చేటు తెచ్చాయి. బతికున్నప్పుడు బుగ్టీ ఓ తెగ పెద్ద మాత్రమే. ఆయనతో పడని బలూచ్‌లు కూడా ఎందరో. తాళం వేసిన పెట్టెలో పూడ్చిపెట్టాక మొత్తం బలూచ్ జాతికి అమరవీరుడు అయిపోయాడు. ఈ కేసులో ముషారఫ్‌ను 2016 జనవరిలో క్వెట్టా కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

'రిపబ్లికన్' అనే మాట ఎక్కడిది?

అక్బర్ బుగ్టీ పార్టీ పేరు జమ్హూరీ వతన్ పార్టీ. తాత పోయాక ఆ పార్టీ కుటుంబంలో ముక్కలైంది. బ్రహుమ్‌దాగ్ తన వర్గానికి బలూచ్ రిపబ్లికన్ పార్టీ అని పేరు పెట్టుకున్నాడు. దాదాపు అదే సమయంలో బలూచ్ రిపబ్లికన్ ఆర్మీ పేరుతో దాడుల ప్రకటనలు రావడం మొదలైంది. పార్టీ బీఆర్పీ, సాయుధ గ్రూప్ బీఆర్ఏ. రెండింటికీ ఒకే నాయకుడు అని పాకిస్థాన్ ప్రభుత్వం అంటుంది. తనకు సాయుధ గ్రూప్‌తో సంబంధం లేదు, తనది రాజకీయ పోరాటమే అని బ్రహుమ్‌దాగ్ చెబుతూ వచ్చాడు. గ్రూప్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఆయన్నే నాయకుడిగా చూశారు.

బీఆర్ఏ పని పద్ధతి సింపుల్. డేరా బుగ్టీ, నసీరాబాద్, జాఫరాబాద్ బెల్ట్‌లో పైప్‌లైన్లు, రైలు పట్టాలు, కరెంటు టవర్లు. చిన్న బృందం రాత్రి వచ్చి బాంబు పెట్టి పోతుంది. వందల కిలోమీటర్ల పైపుకు కాపలా పెట్టడం ఏ సైన్యానికీ సాధ్యం కాదు. మనిషి ప్రాణం పోకుండానే లాహోర్‌లో పొయ్యి ఆరిపోతుంది, ఫైసలాబాద్‌లో మిల్లు ఆగిపోతుంది. 2014 ఫిబ్రవరిలో ఈ గ్రూప్ బలూచిస్థాన్ దాటి పంజాబ్‌లోని రహీమ్ యార్ ఖాన్ దగ్గర మూడు పెద్ద పైప్‌లైన్లను పేల్చేసింది. చలికాలంలో పంజాబ్‌కు గ్యాస్ ఆగిపోయింది. బీఆర్ఏ సత్తా పీక్‌లో ఉన్నది అప్పుడే అనుకోవచ్చు.

కానీ ఈ పోరాటం పైపులతోనే ఆగలేదు. సైన్యం వాహనాల కోసం దారుల్లో పాతిన మందుపాతరల మీద మామూలు జనం కాలు వేశారు. పశువుల కాపరులు, జీపుల్లో సంతకు వెళ్లే కుటుంబాలు బలయ్యాయి. బుగ్టీ తెగలోనే కల్పర్, మసూరీ అనే శాఖలతో పెద్దాయనకు ఎప్పటి నుంచో పగ ఉంది. సైన్యం వాళ్లను తనవైపు తిప్పుకుంది. దాంతో బుగ్టీని బుగ్టీయే చంపే పరిస్థితి వచ్చింది. బలూచ్ స్వాతంత్ర్యం కోసం అని మొదలైన యుద్ధం డేరా బుగ్టీలో చాలాసార్లు ఇంటి పగలానే కనిపించింది.

తుపాకీ లేనివాళ్లకే ఎక్కువ దెబ్బ

2010 సెప్టెంబర్‌లో పాకిస్థాన్ బీఆర్ఏను నిషేధించింది. ఆ నిషేధానికి అటూ ఇటూ ఉన్న ఏళ్లలోనే బలూచిస్థాన్‌లో మనుషులు మాయమైపోవడం, కొన్నాళ్లకు శవాలు రోడ్డు పక్కన దొరకడం పెరిగింది. ఇందులో చాలామంది తుపాకీ పట్టినవాళ్లు కాదు. పార్టీ జెండా పట్టినవాళ్లు.

జలీల్ రేకీ సంగతే చూడండి. బ్రహుమ్‌దాగ్ రాజకీయ పార్టీ బీఆర్పీకి సమాచార కార్యదర్శి. 2009లో మాయమయ్యాడు. 2011 నవంబర్‌లో శవం దొరికింది. ఆయన తండ్రి ఖదీర్ బలూచ్ బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కొడుకు పోయాక ఇంట్లో కూర్చోలేదు. మాయమైనవాళ్ల ఫొటోలు పట్టుకున్న కొద్దిమంది ఆడవాళ్లు, పిల్లలతో కలిసి 2013 అక్టోబర్‌లో క్వెట్టా నుంచి కరాచీకి, అక్కడి నుంచి ఇస్లామాబాద్‌కు నడిచాడు. 2 వేల కిలోమీటర్లకు పైగా నడక. 2014 ఫిబ్రవరి చివర్లో రాజధాని చేరాడు. బలూచ్‌లు ఆయన్ను 'మామా ఖదీర్' అని పిలుచుకుంటారు. బీఆర్ఏ పేల్చిన పైపుల కంటే ఆ నడకే బలూచ్ సమస్యను ప్రపంచానికి ఎక్కువ చూపించిందని అనేవాళ్లు ఉన్నారు. అది నిజమే అనిపిస్తుంది.

బ్రహుమ్‌దాగ్ కుటుంబాన్నీ వదల్లేదు. 2012 జనవరిలో కరాచీలో ఆయన సోదరిని, చిన్న వయసు మేనకోడలిని కారు ఆపి కాల్చి చంపారు.

నాయకుడు జెనీవాలో.. కుర్రాళ్లు కొండల్లో

తాత చనిపోయాక బ్రహుమ్‌దాగ్ అఫ్గానిస్థాన్ వెళ్లిపోయాడు. 2010లో అక్కడి నుంచి స్విట్జర్లాండ్ చేరి ఆశ్రయం కోరాడు. ఆయన ఒక్కడే కాదు. బలూచ్ సర్దార్ల కుటుంబాల్లో ఓ తరం నాయకులంతా అప్పటికే యూరప్‌లో ఉన్నారు. మర్రీ తెగ నుంచి హైర్‌బియార్, ఆయన తమ్ముడు మెహ్రాన్. మెంగల్ కుటుంబం నుంచి జావేద్. ఒక్కో కుటుంబం పేరు చెబితే ఒక్కో సాయుధ గ్రూప్ గుర్తొచ్చేది. అందరి లక్ష్యం ఒకటే అంటారు కానీ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నది తక్కువ.

2015 వీళ్లకు కలిసిరాని ఏడాది. చైనా-పాకిస్థాన్ ఎకనామిక్ కారిడార్ ప్రకటన వచ్చింది. పాక్ ప్రభుత్వం లొంగిపోయినవాళ్లకు క్షమాభిక్ష, డబ్బు ఆఫర్ చేసింది. ఆగస్టు 14న క్వెట్టాలో జరిగిన కార్యక్రమంలో దాదాపు 400 మంది ఆయుధాలు అప్పగించారని అధికారులు ప్రకటించారు. వాళ్లంతా నిజంగా మిలిటెంట్లేనా అని బలూచ్ గ్రూపులు ఎగతాళి చేశాయి.

అసలు షాక్ మాత్రం జెనీవా నుంచి వచ్చింది. ఆగస్టు చివర్లో, సరిగ్గా తాత వర్ధంతి సమయంలో, బ్రహుమ్‌దాగ్ బీబీసీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. బలూచ్ ప్రజలు కోరుకుంటే స్వాతంత్ర్య డిమాండ్ వదులుకోవడానికి కూడా రెడీ, చర్చలకు వస్తాను అన్నాడు. అప్పటి బలూచిస్థాన్ ముఖ్యమంత్రి డాక్టర్ అబ్దుల్ మాలిక్ బలూచ్ స్విట్జర్లాండ్ వెళ్లి ఆయన్ను కలిశాడు కూడా. కానీ ఇస్లామాబాద్ నుంచి తర్వాతి అడుగు పడలేదు. ఆ ఏడాది చివర్లో మాలిక్ పదవి పోయింది. చర్చలు అక్కడితో అటకెక్కాయి. దీంతో బ్రహుమ్‌దాగ్‌కు రెండు వైపులా నష్టమే మిగిలింది. ప్రభుత్వం నుంచి ఏమీ రాలేదు, కొండల్లో ఉన్న కుర్రాళ్లకు మాత్రం అనుమానం వచ్చేసింది. 'మేం ఇక్కడ చస్తుంటే ఆయన అక్కడ బేరం ఆడుతున్నాడా?' అన్నదే ఆ అనుమానం.

ఇక్కడే ఇండియా పేరు కూడా వస్తుంది. 2016 ఆగస్టు 15న ప్రధాని నరేంద్ర మోదీ ఎర్రకోట నుంచి బలూచిస్థాన్ పేరు ఎత్తారు. బ్రహుమ్‌దాగ్ థ్యాంక్స్ చెబుతూ వీడియో పెట్టాడు. సెప్టెంబర్‌లో ఇండియాలో ఆశ్రయం కోరుతూ జెనీవాలోని మన అధికారులను సంప్రదించాడు. అప్పట్లో మన ఛానళ్లన్నీ దీన్ని గంటలు గంటలు నడిపాయి. అయితే ఆశ్రయం మాత్రం రాలేదు. 2017 నవంబర్‌లో స్విట్జర్లాండ్ కూడా ఆయన దరఖాస్తును తిరస్కరించింది. బలూచ్ మిలిటెంట్ల వెనుక ఇండియా ఉందని పాకిస్థాన్ ఎప్పటి నుంచో ఆరోపిస్తోంది. ఇండియా ఆ ఆరోపణలను కొట్టిపారేస్తూ వస్తోంది.

కేంద్రం మారింది.. తెగ నుంచి క్లాస్‌రూమ్‌కి

బీఆర్ఏ పడిపోవడానికి సైన్యం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఉద్యమం చేతులు మారింది. అదీ అసలు విషయం.

బలూచిస్థాన్ నైరుతి భాగంలో మక్రాన్ ఉంది. కేచ్, పంజ్‌గూర్, గ్వాదర్ జిల్లాలు అక్కడివే. ఇక్కడ సర్దార్ల పెత్తనం దాదాపు లేదు. చదువుకున్న మధ్యతరగతి ఎక్కువ. బీఎల్ఎఫ్ నాయకుడు అల్లా నజర్ ఈ తరహా మనిషే, మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్. 2010 తర్వాత తిరుగుబాటు బరువు డేరా బుగ్టీ, కోహ్లూ కొండల నుంచి మెల్లగా ఇటువైపు జరిగింది. బీఎల్ఏలో కూడా లండన్‌లోని నాయకుడికీ, నేల మీదున్న కమాండర్లకూ చెడిపోయింది. 2022 ఏప్రిల్‌లో కరాచీ యూనివర్సిటీ దగ్గర ఆత్మాహుతి దాడి చేసి ముగ్గురు చైనా టీచర్ల ప్రాణాలు తీసిన మహిళ ఓ స్కూల్ టీచర్. మక్రాన్ నుంచి వచ్చిన మనిషే. నవాబు మాట మీద తుపాకీ పట్టే తరానికీ ఈ తరానికీ పోలికే లేదు. హింస మాత్రం ఇంకా ముదిరింది.

బీఆర్ఏలో ఈ చీలికకు ముఖం గుల్జార్ ఇమామ్. మారుపేరు షాంబే. పంజ్‌గూర్ జిల్లా మనిషి. పాక్ సైన్యం చెప్పిన ప్రకారం 2018 వరకు ఆయన బీఆర్ఏలో బ్రహుమ్‌దాగ్ తర్వాతి స్థానంలో ఉన్నాడు. ఆ ఏడాది విడిపోయి మక్రాన్ కేడర్‌ను తనతో తీసుకెళ్లాడు. బీఎల్ఏ, బీఎల్ఎఫ్ కలిసి పెట్టుకున్న 'బ్రాస్' కూటమిలో చేరిపోయాడు. బ్రహుమ్‌దాగ్ వైపు మిగిలింది పాత డేరా బుగ్టీ ముక్క మాత్రమే. కొమ్మ విరిగి వెళ్లిపోయింది అనుకున్నారు కానీ వెళ్లింది చెట్టే.

2022 జనవరిలో గుల్జార్ వర్గం, మర్రీ కుటుంబానికి చెందిన మెహ్రాన్ పేరుతో ముడిపడిన యునైటెడ్ బలూచ్ ఆర్మీలోని వర్గం కలిసిపోయాయి. కొత్త పేరు బలూచ్ నేషనలిస్ట్ ఆర్మీ, బీఎన్ఏ. రెండు సర్దార్ కుటుంబాల గ్రూపుల్లోని కేడర్ ఆ కుటుంబాలను పక్కనపెట్టి పెట్టుకున్న కంపెనీ అన్నమాట. ప్రకటన వచ్చి పది రోజులు గడవకముందే, జనవరి 20న లాహోర్ అనార్కలీ బజార్‌లో బాంబు పేలింది. ముగ్గురు చనిపోయారు, 20 మందికి పైగా గాయపడ్డారు. కొనుగోళ్లకు వచ్చిన మామూలు జనం. అది తమ పనేనని బీఎన్ఏ ప్రకటించుకుంది.

ఆర్భాటంగా మొదలైనా ఎక్కువ కాలం నిలవలేదు. 2023 ఏప్రిల్ 7న గుల్జార్ ఇమామ్‌ను పట్టుకున్నామని పాక్ సైన్యం ప్రకటించింది. మే నెలలో క్వెట్టాలో మీడియా ముందు కూర్చోబెట్టారు. సాయుధ పోరాటం తప్పని, బాధితులకు క్షమాపణ చెబుతున్నానని ఆయన అన్నాడు. అదే ఏడాది డిసెంబర్ 20న సర్ఫరాజ్ బుంగుల్‌జాయ్ వంతు. బీఎన్ఏలో మరో పెద్ద తల. దాదాపు 70 మందితో లొంగిపోయానని క్వెట్టాలోనే చెప్పాడు. ఇండియా మీద ఆరోపణలూ చేశాడు. ఒకరు కస్టడీలో ఉండి మాట్లాడారు, ఇంకొకరు ప్రభుత్వం పెట్టిన ప్రెస్‌మీట్‌లో మాట్లాడారు. కాబట్టి వాళ్ల ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు తీసుకోలేం. ఒక్కటి మాత్రం స్పష్టం. రెండేళ్లు నిండకముందే బీఎన్ఏ తల లేనిదైపోయింది.

ఇప్పుడు ఎవరు ఎక్కడ?

బుగ్టీ కుటుంబాన్నే తీసుకోండి. ఒక మనవడు బ్రహుమ్‌దాగ్ యూరప్‌లో ప్రవాసంలో ఉండిపోయాడు. ఇంకో మనవడు షాజైన్ బుగ్టీ 2018 ఎన్నికల్లో గెలిచి ఇస్లామాబాద్ పార్లమెంటుకు వెళ్లాడు. 2021లో అప్పటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్, బలూచిస్థాన్‌లో సయోధ్య కోసమంటూ ఆయన్నే ప్రత్యేక సహాయకుడిగా పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది షాజైన్ ప్లేటు తిప్పేసి ఇమ్రాన్ కూటమి వదిలి, కొత్త ప్రభుత్వంలో కేంద్ర మంత్రి అయ్యాడు. తాత పేరు ఒకటే, దారులు రెండు.

బలూచిస్థాన్ ముఖ్యమంత్రి కుర్చీలోకి 2024 మార్చిలో వచ్చిన సర్ఫరాజ్ బుగ్టీ కూడా డేరా బుగ్టీ మనిషే. అయితే నవాబుతో పడని మసూరీ శాఖ నుంచి వచ్చినవాడు. మిలిటెంట్ల విషయంలో అస్సలు మెత్తబడని నాయకుడిగా పేరు.

బీఆర్ఏ తగ్గినంత మాత్రాన బలూచిస్థాన్‌లో కాల్పులు తగ్గలేదు. ఆ గ్రూప్ వదిలిన ఖాళీలో బీఎల్ఏ, బీఎల్ఎఫ్ మరింత పెరిగాయి. 'రిపబ్లికన్' పేరు కూడా పూర్తిగా పోలేదు. బలూచ్ రిపబ్లికన్ గార్డ్స్ అనే గ్రూప్ నసీరాబాద్ వైపు పనిచేస్తోంది. 2025లో జాఫర్ ఎక్స్‌ప్రెస్ వెళ్లే పట్టాల మీద జరిగిన పేలుళ్లలో కొన్నింటికి బాధ్యత తీసుకున్నది వాళ్లే. మాయమైన పిల్లల ఫొటోలతో క్వెట్టా ప్రెస్‌క్లబ్ బయట మామా ఖదీర్ వేసిన టెంట్‌లో నిరసన ఏళ్ల తరబడి సాగింది. సుయీ బావుల్లో మాత్రం గ్యాస్ ఏటేటా తగ్గిపోతోంది.